పండ్లతోటల్లో సంయోగ భంగ పద్ధతి

ఆడ రెక్కల పురుగు మగదాన్ని పిలవడానికి వెలువరించే వాసన పదార్థాన్ని కర్మాగారంలో తయారుచేసి, అది తోట గాలిలోకి నెలల తరబడి కొద్దికొద్దిగా విడుదలయ్యేటట్లు అమర్చి, మగ పురుగులకు ఆడ పురుగుల జాడ దొరకకుండా చేసే సస్యరక్షణ విధానాన్ని సంయోగ భంగ పద్ధతి అంటారు. ఇందులో పురుగును చంపడమంటూ ఉండదు. జతకట్టని ఆడ పురుగు పెట్టిన గుడ్లు పొదగవు కనుక, తరువాతి తరం పుట్టకముందే ఆగిపోతుంది. తెలుగు రైతులకు పరిచితమైన లింగాకర్షక బుట్టలో ఉండే ఎర కూడా ఇదే రకం పదార్థం. అయితే బుట్టలోని ఎర మగ పురుగును తన దగ్గరికి రప్పించి పట్టుకోవడానికి ఉద్దేశించినది కాగా, సంయోగ భంగంలో అదే వాసనను తోటంతా పరచి, మగ పురుగు ఎటు వెళ్లాలో తెలియని స్థితిని కల్పిస్తారు. యాపిల్, పియర్, అక్రోటు తోటలను పాడుచేసే కాడ్లింగ్ మాత్, పీచ్ తోటలను పీడించే ఓరియంటల్ ఫ్రూట్ మాత్, ద్రాక్షను ఆశించే యూరోపియన్ గ్రేప్‌వైన్ మాత్ ఈ పద్ధతికి బాగా లొంగిన పురుగులు. వీటిలో కాడ్లింగ్ మాత్ మీద జరిగిన పరిశోధన, అనుభవం అన్నిటికంటె విస్తారమైనవి.

కాడ్లింగ్ మాత్, దానిపై ప్రయోగించిన మందులు

సిడియా పోమోనెల్లా అనే శాస్త్రీయ నామం గల ఈ పురుగు సుమారు సెంటీమీటరు పొడవుతో, బూడిద రంగు రెక్కలతో, ముందు రెక్కల కొసన రాగి రంగులో మెరిసే మచ్చతో ఉంటుంది. యూరప్, మధ్య ఆసియా ప్రాంతాల్లో యాపిల్‌తో పాటు వృద్ధిచెందిన ఈ కీటకం, వలస వెళ్లినవారి పండ్లతోనూ పెట్టెలతోనూ ఉత్తర అమెరికాకు, దక్షిణాఫ్రికాకు, ఆస్ట్రేలియాకు చేరింది. చలికాలమంతా బెరడు పగుళ్లలో పట్టుగూడు అల్లుకొని లార్వా దశలోనే నిద్రాణంగా గడిపి, వసంతంలో యాపిల్ పూతకు వచ్చే వేళకు ఇది రెక్కల పురుగుగా బయటపడుతుంది. పొద్దు వాలిన తరువాత, గాలి వెచ్చదనం సుమారు 15 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉన్నప్పుడు మాత్రమే ఎగిరి జతకడుతుంది. ఆడ పురుగు ఆకుల మీద, పిందెల మీద ఒక్కొక్క గుడ్డు విడివిడిగా పెడుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగు ఎక్కువసేపు బయట తిరగకుండా పిందెను తొలిచి, కండను దాటి గింజల దాకా చేరి, అక్కడే తిని పెరుగుతుంది. కాయ మీద కనిపించే చిన్న రంధ్రమూ, దాని చుట్టూ పేరుకొన్న గోధుమరంగు పిప్పీ లోపలి నష్టానికి గుర్తులు. వాతావరణాన్ని బట్టి సంవత్సరానికి ఒకటి నుంచి మూడు తరాలు, వెచ్చని ప్రాంతాల్లో అంతకుమించీ రావచ్చు.

పిల్ల పురుగు కాయలోకి దూరిపోయాక పైనుంచి చల్లిన మందు దానికి తగలదు. గుడ్డు పొదిగిన క్షణానికీ, కాయలోకి దూరే క్షణానికీ మధ్య ఉన్న కొద్దిపాటి వ్యవధిలోనే మందు పనిచేయవలసి ఉండటం వల్ల, ఆకు మీదా కాయ మీదా ఎప్పుడూ విషపు పూత ఉండేటట్లు మళ్లీమళ్లీ పిచికారీ చేయడం యాపిల్ రైతులకు అలవాటైంది. 19వ శతాబ్ది చివరి నుంచి సీసపు ఆర్సెనేటును ఏడాదికి పలుమార్లు చల్లారు. దానిలోని సీసమూ ఆర్సెనిక్కూ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు పాత తోటల నేలల్లో నేటికీ మిగిలే ఉన్నాయి. ఈ పురుగులోని కొన్ని వంశాలు ఆర్సెనిక్ విషాన్ని మిగిలినవాటికంటె బాగా తట్టుకొంటున్నట్లు 1928 నాటికే గమనించారు. రెండో ప్రపంచ యుద్ధానంతరం వచ్చిన డీడీటీకి కూడా పురుగు కొద్ది సంవత్సరాల్లోనే అలవాటుపడగా, ఆ స్థానంలోకి వచ్చిన అజిన్‌ఫాస్ మిథైల్ అనే ఆర్గానోఫాస్ఫేట్ మందు దాదాపు నాలుగు దశాబ్దాలు యాపిల్ తోటలను ఏలింది. 1990ల నాటికి దానికీ నిరోధశక్తి కనబడసాగింది. తోట కూలీల ఆరోగ్యానికి అది కలిగించే హానిని దృష్టిలో ఉంచుకొని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ దశలవారీగా వాడకాన్ని తగ్గించి, 2012ను గడువుగా పెట్టి ఆపించింది. సంయోగ భంగ పద్ధతి ప్రయోగశాల నుంచి తోటలోకి అడుగుపెట్టడానికి దాని సొంత గుణం ఎంత కారణమో, ఈ మందులు ఒకదాని తరువాత ఒకటి విఫలం కావడమూ అంతే కారణం.

వాసన భాష

ఆడ పురుగు పొట్ట చివరి ఖండాల మధ్య ముడుచుకొని ఉండే గ్రంథిని సాయంవేళ బయటికి చాచి, గంటకు కొద్ది నానోగ్రాముల ఫెరొమోన్‌ను గాలిలోకి వదులుతుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. ఒక జాతికి చెందిన ప్రాణి బయటికి వెలువరించి, అదే జాతికి చెందిన మరొక ప్రాణి ప్రవర్తనను మార్చే రసాయనానికి ఫెరొమోన్ అన్న పేరును పీటర్ కార్ల్‌సన్, మార్టిన్ లూషర్ అనే శాస్త్రవేత్తలు 1959లో ప్రతిపాదించారు. గాలిలో ఈ వాసన దట్టమైన మేఘంలా వ్యాపించదు. సుడులు తిరిగే గాలి దాన్ని సన్నని పోగులుగా చీల్చి తీసుకుపోతుంది, పోగుకూ పోగుకూ నడుమ వాసన లేని శుద్ధమైన గాలి ఉంటుంది. మగ పురుగు మీసాల మీది సూక్ష్మ రోమాలకు ఒక పోగు తగలగానే అది గాలికి ఎదురుగా దూసుకుపోతుంది; పోగు తప్పిపోతే అటూ ఇటూ అడ్డంగా ఎగురుతూ వెదుకుతుంది; మరొకటి తగిలితే మళ్లీ ఎదురెక్కుతుంది. వాసన ఎక్కడ చిక్కగా ఉందో కొలుచుకొంటూ అది ముందుకు సాగదు. తగిలీ తప్పుతూ ఉండే ఈ స్పర్శ, గాలి వీచే దిక్కు, ఈ రెండే దానికి ఆధారాలు. సంయోగ భంగం పనిచేసే తీరు అర్థం కావాలంటే ఈ ఒక్క విషయాన్ని విడవకుండా గుర్తుంచుకోవాలి.

ఇంత స్వల్పమైన పదార్థపు నిర్మాణాన్ని కనుగొనడం తొలినాళ్లలో అసాధ్యమనిపించేంత శ్రమతో కూడినది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బుటెనాంట్ ఇరవై సంవత్సరాలు శ్రమించి, సుమారు 5 లక్షల ఆడ పట్టుపురుగుల గ్రంథుల నుంచి కొద్ది మిల్లీగ్రాముల పదార్థాన్ని వేరుచేసి, 1959లో బాంబికాల్ అనే తొలి కీటక ఫెరొమోన్ నిర్మాణాన్ని ప్రకటించాడు. దానికి రెండేళ్ల ముందే జర్మనీలోనే డీట్రిచ్ ష్నైడర్ మగ పురుగు మీసాన్ని రెండు ఎలక్ట్రోడ్‌ల మధ్య అమర్చి, వాసన తగిలినప్పుడు అందులో పుట్టే విద్యుత్ స్పందనను నమోదు చేసే ఉపాయాన్ని కనుగొన్నాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా పట్టణంలో ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రంలో వెండెల్ రోలోఫ్స్, ఆయన సహచరులు ఈ ఉపాయాన్ని మరొక తీరుగా ఉపయోగించుకొన్నారు. వివిధ పొడవుల కార్బన్ గొలుసులు గల పదార్థాలను, ద్విబంధాల స్థానాలను మార్చి మార్చి, వరసగా మగ పురుగు మీసానికి తాకించి, అది గట్టిగా స్పందించిన వాటిని బట్టి అసలు అణువు ఆకృతిని ఊహించారు. లక్షల పురుగులను నలిపి రసం తీయవలసిన అవసరం దానితో తప్పింది. ఈ విధంగా 1971లో కాడ్లింగ్ మాత్ ఫెరొమోన్‌లోని ప్రధాన పదార్థం 12 కార్బన్‌లు గల, ఎనిమిదో పదో స్థానాల్లో ద్విబంధాలున్న ఒక ఆల్కహాలుగా తేలింది. దానినే కాడిల్‌మోన్ అని పిలుస్తారు. ఓరియంటల్ ఫ్రూట్ మాత్ ఫెరొమోన్‌లోని ముఖ్య పదార్థాన్ని అదే బృందం అంతకు రెండేళ్ల ముందే కనుగొన్నది. ఆ పురుగు విషయంలో ముఖ్య పదార్థంతో పాటు దాని జ్యామితీయ సాదృశ్యకం (అణువు ఆకారంలో మాత్రమే తేడా గల రూపం) కొన్ని శాతాల మోతాదులో కలిసి ఉంటేనే మగ పురుగు బాగా ఆకర్షితమవుతుందని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. పదార్థం ఏదన్నదే కాక, పాళ్లు ఎంతన్నది కూడా జాతిజాతికీ మారే సంకేతమే.

పొలంలో తొలి అడుగులు

కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో గాస్టన్, షోరీ, సారియో అనే ముగ్గురు పరిశోధకులు క్యాబేజీ పంటను ఆశించే లూపర్ పురుగు ఫెరొమోన్‌ను పొలంలో విడుదల చేసి, మగ పురుగులు ఆడ పురుగులను చేరుకోలేకపోవడాన్ని 1967లో చూపించారు. పొలంలో ఈ భావన నిలబడగలదని నిరూపించిన తొలి ప్రయోగం ఇదే. అమెరికా ప్రభుత్వం సంయోగ భంగానికి అనుమతించిన మొదటి వాణిజ్య ఉత్పత్తి పత్తి గులాబీ రంగు పురుగు కోసం 1978లో వచ్చింది. ఫెరొమోన్ నింపిన సన్నని బోలు నారలను విమానం నుంచి పొలం మీద చల్లేవారు. పండ్లతోటల్లో మొదటి గట్టి విజయం ఆస్ట్రేలియాలో దక్కింది. అక్కడ జి. రోత్‌షిల్డ్ 1970లలో పీచ్ తోటల్లోని ఓరియంటల్ ఫ్రూట్ మాత్‌పై చేసిన ప్రయోగాలు, ఆ తరువాత ఆయన సహచరులు పెద్ద విస్తీర్ణంలో కొనసాగించినవి, పురుగుమందుతో సమానమైన రక్షణ ఈ పద్ధతితో సాధ్యమేనని రైతులకు నమ్మకం కలిగించాయి. కాడ్లింగ్ మాత్‌కు పనికివచ్చే, ఫెరొమోన్ నింపి కొమ్మకు చుట్టే తీగ కట్టు ఉత్పత్తి అమెరికాలో 1991లో నమోదయ్యాక యాపిల్ తోటల చరిత్ర మలుపు తిరిగింది.

మగ పురుగు దారి తప్పే తీరు

కృత్రిమ ఫెరొమోన్ తోటలో నిండి ఉన్నప్పుడు మగ పురుగుకు నిజంగా ఏమవుతుందన్న ప్రశ్నపై శాస్త్రవేత్తలు అనేక దశాబ్దాలు వాదించుకొన్నారు. స్థూలంగా మూడు వివరణలు నిలిచాయి. మొదటిది పోటీ ఆకర్షణ. చెట్లకు కట్టిన ప్రతి కట్టూ ఒక మాయ ఆడ పురుగుగా మారి మగ పురుగును తన వైపు లాగడం వల్ల, అది ఒక కట్టు నుంచి మరొక కట్టుకు తిరుగుతూ ఆ కొద్ది గంటల సాయంకాలాన్ని వృథా చేసుకొంటుంది. రెండవది మరుగుపాటు. ఊరంతా మైకులు మోగుతుండగా ఇంటి గుమ్మం నుంచి పిలిచిన పిలుపు వినబడనట్లే, తోటంతా ఒకే వాసన కమ్ముకొన్నప్పుడు నిజమైన ఆడ పురుగు వదిలిన పోగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మగ పురుగుకు తెలియకుండా పోతుంది. మూడవది మొద్దుబారడం. ఎడతెగని వాసన తాకిడికి మీసంలోని గ్రాహకాలు అలవాటుపడటం వల్లగాని, మెదడులో ఆ సంకేతాన్ని గ్రహించే భాగం పట్టించుకోవడం మానేయడం వల్లగాని, కొంతసేపు మగ పురుగు ఆ వాసనకు స్పందించని స్థితికి వస్తుంది.

ఈ వాదాన్ని కొలతల్లోకి దించిన వారు మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ మిల్లర్, లారీ గట్. కట్ల సంఖ్య పెరిగేకొద్దీ బుట్టలో పడే మగ పురుగుల సంఖ్య ఏ ఆకారపు గీతలో తగ్గుతుందో పరిశీలిస్తే, పోటీ ఆకర్షణ ఒక తీరుగానూ, తక్కిన విధానాలు మరొక తీరుగానూ బయటపడతాయని 2006లో వారు చూపించారు. పోటీ జరుగుతున్నప్పుడు మొదటి కొద్ది కట్లకే పెద్ద మార్పు కనిపించి, ఆపై పెంచిన ప్రతి కట్టుకూ ఫలితం మందగిస్తుంది. వాసన వల్ల పురుగు అశక్తమవుతున్నప్పుడు సంఖ్యకు తగినట్లుగా నేరుగా తగ్గుతుంది. తోటల్లోనూ, చెట్లను కప్పేంత పెద్ద వల పంజరాల్లోనూ జరిపిన ప్రయోగాలను బట్టి కాడ్లింగ్ మాత్‌పై మామూలు కట్లు ప్రధానంగా పోటీ ద్వారానే పనిచేస్తున్నట్లూ, ఆ కట్ల దగ్గరికి వచ్చిన మగ పురుగులు కొంతసేపు మొద్దుబారి పడివుంటున్నట్లూ తేలింది. ఓరియంటల్ ఫ్రూట్ మాత్ ఎక్కువ వాసన వదిలే కట్ల ముందు పోటీకి అవకాశమే లేకుండా అశక్తమవుతుంది కనుకనే, అది కాడ్లింగ్ మాత్ కంటె తేలికగా అదుపులోకి వస్తుంది. ఈ భేదం విడమరచి చెప్పవలసినంత ముఖ్యమైనది. పోటీ మీద ఆధారపడిన చోట నిజమైన ఆడ పురుగుల సంఖ్య కట్ల సంఖ్యకు దగ్గరవుతున్నకొద్దీ పద్ధతి బలహీనపడుతుంది. పురుగు ఉధృతి ఎక్కువగా ఉన్న తోటలో ఈ పద్ధతి విఫలం కావడానికి మూలం ఇక్కడే ఉన్నది. జతకట్టడం పూర్తిగా ఆగకపోయినా, కొన్ని రోజులు ఆలస్యమైతే ఆడ పురుగు పెట్టే ఫలవంతమైన గుడ్లు తగ్గుతాయన్నది కూడా గుర్తించదగినది.

పరికరాలు, కట్టే పని

అందరికీ తెలిసిన రూపం జపాన్‌లోని షిన్-ఎట్సు కంపెనీ తయారుచేసిన పాలిథిలీన్ గొట్టం. ఈ ఎర్రని లేదా గోధుమ రంగు సన్నగొట్టంలో ఫెరొమోన్ ద్రవం, దాని పక్కన వంచితే వంగి నిలిచే సన్నని తీగ ఉంటాయి. కాడ్లింగ్ మాత్ ఎక్కువగా చెట్టు పైభాగంలోనే జతకడుతుంది కనుక, కట్టును చెట్టు ఎత్తులో పై మూడో వంతు భాగంలోని కొమ్మకు చుట్టాలి. ఎత్తైన చెట్లున్న పాత తోటల్లో కూలీలు నిచ్చెనలెక్కీ, పొడవైన కర్రలకు కొక్కెం బిగించి కింద నుంచే తగిలించీ ఈ పని చేస్తారు. మామూలు మోతాదు హెక్టారుకు 1000 కట్లు, అంటే ఎకరాకు సుమారు 400. మొదటి రెక్కల పురుగు ఎగరకముందే, పూత విచ్చుకొనే నాటికే ఇవన్నీ కట్టి ముగించాలి. వారం ఆలస్యమైనా మొదటి తరం జతకట్టిపోతుంది. గొట్టం గోడ గుండా ద్రవం మెల్లగా చెమ్మగిల్లి నాలుగైదు నెలలు గాలిలో కలుస్తూ ఉంటుంది. కాడిల్‌మోన్‌లోని జంట ద్విబంధాలు ఎండకూ ప్రాణవాయువుకూ త్వరగా రూపం మార్చుకొంటాయి, అందుచేత ద్రవంలో ఆక్సీకరణను అడ్డుకొనే పదార్థాలను, అతినీలలోహిత కాంతిని అడ్డుకొనే పదార్థాలను తప్పక కలుపుతారు. ఇంత చేసినా గాలిలో నిలిచే సాంద్రత ఘనమీటరుకు నానోగ్రాము స్థాయిలోనే ఉంటుంది.

కట్టే కూలీ ఖర్చు అధికం కావడంతో మరికొన్ని రూపాలు పుట్టాయి. కాలిఫోర్నియా అక్రోటు, పియర్ తోటల్లో ప్రాచుర్యం పొందిన ఏరోసాల్ యంత్రం బ్యాటరీతో నడుస్తూ, సాయంత్రం మొదలుకొని తెల్లవారేదాకా నియమిత వ్యవధిలో ఫెరొమోన్‌ను బుస్సుమని చిమ్ముతుంది. హెక్టారుకు రెండు మూడు యంత్రాలే సరిపోవడం దీని గొప్ప సౌలభ్యం. ఒక యంత్రం పాడైతే పెద్ద విస్తీర్ణం రక్షణ కోల్పోవడం దీని పెద్ద ప్రమాదం. మామూలు పిచికారీ పంపుతో చల్లే సూక్ష్మ గుళికలు తక్కువ ఖర్చుతో కూడినవే అయినా కొద్ది వారాలకు మించి నిలవవు. మైనపు ముద్దలా కొమ్మకు పూసే రూపం కూడా ఉన్నది.

తోట గట్టు దాటిన సమస్య

ఈ పద్ధతిని పరీక్షించిన తొలి యాపిల్ రైతుల్లో చాలామందికి మొదటి ఒకటి రెండేళ్లు నిరాశే మిగిలింది. తోట నడుమ చెట్లు శుభ్రంగా ఉండగా, అంచు వరుసల్లో మాత్రం పుచ్చిన కాయలు పేరుకొనేవి. జతకట్టిన ఆడ పురుగు పొరుగు తోట నుంచి ఎగిరి వచ్చి గుడ్లు పెడుతుంటే, ఈ తోటలోని ఫెరొమోన్ దాన్ని ఆపలేదు. అంతేగాక గాలి వచ్చే వైపున ఉన్న అంచుల్లో వాసన నిలవదు. ఏటవాలు నేలల్లో రాత్రిపూట చల్లని గాలితో పాటు కిందికి జారిపోతుంది. చిన్న తోటకు, సన్నని పొడవాటి తోటకు విస్తీర్ణంతో పోలిస్తే అంచు ఎక్కువ, కాబట్టి అక్కడ ఫలితం తక్కువ. పండ్ల పెట్టెల గుట్టలు, పట్టించుకోకుండా వదిలేసిన యాపిల్ చెట్లు, ఇళ్ల పెరళ్లలోని ఒంటరి చెట్లు పురుగుకు ఆశ్రయాలు. ఒక రైతు ఎంత శ్రద్ధ తీసుకొన్నా, ఈ పద్ధతికి అసలు కొలమానం ఒక రైతు తోట కానే కాదని, ఆ లోయ అంతా ఒకే తోట అని అనుభవం నేర్పింది.

దీన్ని సాకారం చేసినది అమెరికా వ్యవసాయ శాఖ వాషింగ్టన్ రాష్ట్ర, ఒరెగాన్ రాష్ట్ర, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల సహకారంతో 1995లో ప్రారంభించిన కాడ్లింగ్ మాత్ ప్రాంతీయ నియంత్రణ కార్యక్రమం. వాషింగ్టన్‌లోని హోవర్డ్ ఫ్లాట్, పార్కర్, ఓరోవిల్, ఒరెగాన్‌లోని మెడ్‌ఫర్డ్, కాలిఫోర్నియాలోని రాండల్ ఐలండ్ అనే అయిదు ప్రాంతాలను ఎంచుకొని, ఒక్కొక్కచోట పక్కపక్కన ఉన్న రైతులందరినీ ఒక కమిటీగా ఏర్పరచి, అందరూ ఒకేసారి కట్లు కట్టేటట్లు, ఒక సమన్వయకర్త తోటలన్నిటిలో బుట్టలను చూసి వారం వారం లెక్కలు అందరికీ తెలిపేటట్లు చేశారు. మొదటి సంవత్సరం కట్ల ఖర్చులో కొంత భాగాన్ని కార్యక్రమమే భరించింది. పురుగు సంఖ్య ఎక్కువగా ఉన్న తోటల్లో తొలి ఏట ఒకటి రెండు పిచికారీలు చేసి సంఖ్యను ముందుగా తగ్గించారు. హోవర్డ్ ఫ్లాట్‌లో సుమారు 1200 ఎకరాలు ఈ విధంగా ఒకే నియంత్రణ కిందికి వచ్చాయి. కార్యక్రమం ముగిసే నాటికి ఆ ప్రాంతాల్లో ఆర్గానోఫాస్ఫేట్ మందుల వాడకం సుమారు నాలుగింట మూడు వంతులు తగ్గింది, కాయ నష్టం మాత్రం పెరగలేదు. రైతుల కమిటీ, ఉమ్మడి లెక్కలు లేకుండా కేవలం కట్లను పంచిపెట్టి ఉంటే ఈ ఫలితం వచ్చేది కాదన్నది ఆ కార్యక్రమ చరిత్ర చదివిన వారెవరికైనా కలిగే నిశ్చయం. ఇటలీలోని ట్రెంటీనో, దక్షిణ టైరోల్ లోయల్లో చిన్న కమతాల యాపిల్ రైతులు సహకార సంఘాల ద్వారా ఇదే ఐక్యతను సాధించి, అక్కడి తోటల్లో అధిక భాగాన్ని ఈ పద్ధతి కిందికి తెచ్చారు. ఉత్తర విక్టోరియాలోని కోబ్రమ్ ప్రాంతంలో పీచ్ తోటల అంచున నష్టం ఆగకపోవడానికి పక్కనున్న పియర్ తోటలే కారణమని గుర్తించి, పియర్ చెట్లకు కూడా కట్లు కట్టించాక సమస్య సద్దుమణిగింది.

బుట్టలు మూగబోయినప్పుడు

సంయోగ భంగంలో ఉన్న తోటలో మామూలు లింగాకర్షక బుట్టలో మగ పురుగులు పడవు. కట్లు పనిచేస్తున్నాయనడానికి అది మంచి సూచనే అయినా, పురుగు నిజంగా లేదనడానికి అది రుజువు కాదు. ఈ ఇబ్బంది నుంచి బయటపడటానికి మామూలు ఎరలో ఉండే 1 మిల్లీగ్రాము బదులు 10 మిల్లీగ్రాముల కాడిల్‌మోన్ గల ఎరను చెట్టు పైభాగంలో వేలాడదీస్తారు. 2001లో డగ్లస్ లైట్, ఆయన సహచరులు మరింత విలువైన సాధనాన్ని కనుగొన్నారు. పండిన పియర్ వాసనలోని ఒక ఎస్టరు కాడ్లింగ్ మాత్‌లోని మగ, ఆడ రెండింటినీ ఆకర్షిస్తుంది. జతకట్టిన ఆడ పురుగులు బుట్టలో దొరికితే పద్ధతి ఎక్కడ విఫలమవుతోందో నేరుగా తెలుస్తుంది. ఉష్ణ దినాల లెక్క కూడా ఇందుకు తోడ్పడుతుంది; రోజు సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌ను ఎంత మించిందో ప్రతిరోజూ కూడుతూ పోతే, గుడ్లు ఎప్పుడు పొదుగుతాయో ముందే అంచనా కట్టవచ్చు. ఎన్ని బుట్టలున్నా, తోటలో నడుస్తూ కాయలను చేతితో తిప్పి చూడటానికి ప్రత్యామ్నాయం లేదు.

విషపు మందు తగ్గినప్పుడు తోటలో కొత్త సమతూకం ఏర్పడుతుంది. పియర్ తోటల్లో దీని లాభం స్పష్టంగా కనిపించింది. అక్కడ అసలు శత్రువైన పియర్ సిల్లా అనే రసంపీల్చే పురుగును తినే మిత్రకీటకాలు ఆర్గానోఫాస్ఫేట్ మందులకు నశించిపోయేవి. పిచికారీ ఆగగానే అవి తిరిగి వచ్చాయి. యాపిల్‌లో మాత్రం కాడ్లింగ్ మాత్ మందు దెబ్బకే ఇన్నాళ్లూ తగ్గివున్న ఆకుచుట్టు పురుగులు కొన్ని తోటల్లో తలెత్తాయి. ఫెరొమోన్ ఒక్క జాతినే తాకుతుంది కాబట్టి, తక్కినవాటికి వేరే ఏర్పాటు అవసరమైంది. 1960లలో మెక్సికోలో గుర్తించిన గ్రాన్యులోసిస్ వైరస్ ప్రధానంగా కాడ్లింగ్ మాత్ లార్వాలనే చంపుతుంది. అధిక సంఖ్య ఉన్న తోటల్లో దీన్ని సంయోగ భంగంతో కలిపి వాడటం సాధారణమైంది. కెనడాలోని ఒకనాగన్ లోయలో వంధ్యీకరించిన పురుగులను వదిలే కార్యక్రమం 1990లలో మొదలై ఇదే పురుగుపై మరొక మార్గాన్ని చూపింది.

పురుగు ఈ పద్ధతికీ అలవాటుపడగలదా అన్న ప్రశ్నకు జపాన్‌లో సమాధానం దొరికింది. షిజువోకా ప్రాంతపు తేయాకు తోటల్లో ఆకుచుట్టు పురుగు మీద 1983 నుంచి ఫెరొమోన్‌లోని ఒకే పదార్థాన్ని ఏళ్ల తరబడి వాడగా, ఒక దశాబ్దం గడిచాక దాని శక్తి క్రమంగా క్షీణించింది. ఆ పురుగు సహజంగా విడుదల చేసే మిశ్రమమంతటినీ వాడటం మొదలుపెట్టాక ఫలితం తిరిగి వచ్చింది. అసంపూర్ణమైన మిశ్రమంతో చౌకగా నెగ్గుకురావచ్చన్న ఆశకు ఇది గట్టి హెచ్చరిక.

మానవుల పట్ల ఈ ఫెరొమోన్‌ల విషలక్షణం అత్యల్పం. అమెరికాలో నిటారు కార్బన్ గొలుసు గల రెక్కల పురుగుల ఫెరొమోన్‌లను ఎకరాకు సంవత్సరానికి 150 గ్రాముల వరకు ఆహార అవశేష పరిమితి నుంచి మినహాయించారు. అయితే కాలిఫోర్నియాలో 2007లో లైట్ బ్రౌన్ యాపిల్ మాత్ నిర్మూలనకు మాంటెరే, శాంటాక్రూజ్ ప్రాంతాల మీదుగా విమానాలతో సూక్ష్మ గుళికలు చల్లినప్పుడు నివాసులు తీవ్రంగా వ్యతిరేకించడంతో, 2008లో పట్టణాలపై చల్లే ఆలోచనను విరమించుకొన్నారు. పద్ధతి ఎంత సురక్షితమైనదైనా, ప్రజలకు ముందుగా చెప్పకుండా ఇళ్ల మీద చల్లడం వేరే విషయం.

భారతదేశంలో

భారతదేశంలో కాడ్లింగ్ మాత్ లడఖ్ ప్రాంతానికే పరిమితమై ఉండి, అక్కడి యాపిల్, ఆప్రికాట్ తోటలకు నష్టం కలిగిస్తున్నది. అది కాశ్మీర్ లోయకూ హిమాచల్ తోటలకూ పాకకుండా చూడటం మన ఉత్తరాది యాపిల్ సాగుకు ప్రాణప్రదమైన విషయం. తెలుగు ప్రాంతాల్లో ఈ పద్ధతికి నిజమైన క్షేత్రం పత్తి. బీటీ పత్తిలోని రెండు జన్యువులకూ గులాబీ రంగు పురుగు నిరోధశక్తి సంపాదించుకొన్న తరువాత, ఈ పురుగు పూమొగ్గలోనూ కాయలోనూ దాగి తినడం వల్ల పిచికారీ మందు దానికి తగలక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రైతులు పంట చివరి కోతల్లో గుడ్డి కాయలతో నష్టపోయారు. పొలంలో పెట్టిన లింగాకర్షక బుట్టకు రోజుకు 8 చొప్పున వరసగా మూడు రోజులు మగ పురుగులు పడితే చర్య తీసుకోవాలన్నది వ్యవసాయ శాఖ సిఫార్సు. సంయోగ భంగానికి మొక్కలకు ముడివేసే ఫెరొమోన్ తాళ్లు, హైదరాబాదులోని ఏటీజీసీ బయోటెక్ తయారుచేసే మైనపు ముద్ద రూపం అందుబాటులోకి వచ్చాయి.

గులాబీ రంగు పురుగుపైనే అమెరికాలోని అరిజోనా రాష్ట్రపు పార్కర్ లోయలో 1990 నుంచి లోయలోని పత్తి అంతటికీ ఒకేసారి ఫెరొమోన్ వాడగా నాలుగేళ్లలో కాయల్లో లార్వాలు కనబడకుండా పోయాయి. బీటీ పత్తి, వంధ్య పురుగుల విడుదల కలిసిన జాతీయ కార్యక్రమం అనంతరం 2018లో అమెరికా ఈ పురుగు నుంచి విముక్తమైనట్లు ప్రకటించుకొన్నది. తెలుగు జిల్లాల్లో మాత్రం కమతం ఒకటి రెండు ఎకరాలు, విత్తే తేదీ రైతు రైతుకూ వేరు, పక్క పొలంలో జిన్నింగ్ మిల్లుకు చేరని పాత పత్తి నిలువ ఉండవచ్చు. ఒకే గ్రామంలోని పత్తి అంతా ఒకే వారంలో విత్తి, పూత మొదలయ్యే 40–45 రోజుల వయసులోనే ఊరి పొలాలన్నిటిలో ఒకేసారి తాళ్లు కట్టించి, ఆఖరి కోత తరువాత పత్తి కట్టెను పొలం నుంచి తొలగించే ఏర్పాటు ఉన్న చోటనే ఈ ఫెరొమోన్ తాళ్లకు పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది.